థార్ వెనక డోరు జారుతోందా? స్టెప్నీ స్టాండు మార్చే ముందు ఇవి చూడండి

మీరు అడిగింది ఇది: గుంటూరులో ఉంటారు, మహీంద్రా థార్‌కి, వెనక డోరు మీద వేలాడే స్టెప్నీతో సహా, 285/70 ఆర్17 టైర్లు వేయించారు, అప్పట్నుంచి వెనక డోరుని కాస్త ఎత్తి నెడితే గానీ పడటం లేదు, గతుకుల్లో టకటకమని చప్పుడొస్తోంది. వేరే స్టాండు చేయించాలా, ఉన్నదాన్నే బలంగా చేయించుకుంటే సరిపోతుందా?

నాదీ థారే, ఉండేది విజయవాడలో. నా స్టెప్నీ పని మొత్తం ఆటోనగర్‌లో దగ్గరుండి చేయించుకున్నాను. ముందుగా చెప్పేది ఒకటే. ఇప్పుడే వెల్డింగు షాపుకి వెళ్లకండి. బరువు ఎక్కడ పడుతోందో తేల్చుకోకుండా ఇనుము అతికిస్తే రోగం ఒకచోట, మందు ఇంకోచోట అవుతుంది.

కంపెనీ 255/65 ఆర్18 టైరు వ్యాసం దాదాపు 789 మిల్లీమీటర్లు. మీరు వేయించినది 831 దాకా ఉంటుంది, వెడల్పు ఇంకో 30 ఎక్కువ. రిమ్ముతో కలిపి తూకం వేస్తే 40 కేజీల దగ్గరకు వస్తుంది. అంతకంటే పెద్ద సమస్య దూరం. వెడల్పు టైరు డోరుకి తగులుతోందని మధ్యలో స్పేసర్ (మందపాటి దిమ్మ) వేసి టైరుని బయటకు జరుపుతారు. బరువు అదే అయినా హింజ్‌ల (డోరు తిరిగే బందుల) మీద లాగుడు పెరుగుతుంది. పై హింజ్‌ని బయటకు లాగుతుంది, కింది హింజ్‌ని లోపలికి నెడుతుంది. అందుకే మొదట లూజయ్యేది పై హింజ్ బోల్టులే.

ఇంట్లోనే చూసుకోండి. చదునైన చోట బండి ఆపి డోరుని మెల్లగా తెరవండి. లాకు వదిలిన క్షణంలో డోరు కిందికి దిగుతోందా గమనించండి. తర్వాత అడుగు మేర తెరిచి, టైరు కింద రెండు చేతులూ పెట్టి పైకి ఎత్తుతూ దింపుతూ ఉండండి, ఇంకొకరిని పై హింజ్ మీద టార్చి వేసి చూడమనండి. పిన్ను దగ్గర కదులుతుంటే బుష్ (పిన్ను చుట్టూ ఉండే గొట్టం) అరిగింది. హింజ్ ప్లేటే బాడీ మీద కదులుతుంటే బోల్టు లూజు. రెండూ గట్టిగా ఉండి చుట్టూ రేకు ఉబ్బి తగ్గుతుంటే అది అసలు ప్రమాదం. అక్కడ పెయింటులో వెంట్రుకంత సన్నటి గీత, దాని అంచున ఎర్రటి తుప్పు కనిపిస్తాయి. అలా ఉంటే ఆ టైరుని ఆ రోజే డోరు మీంచి దించేయండి.

చప్పుడు సంగతి వేరు. డోరు అంచున ఉండే రబ్బరు స్టాపర్ల దగ్గర న్యూస్ పేపరు ముక్క పెట్టి డోరు మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే స్టాపర్ నొక్కడం లేదన్నమాట. టైరు వెనకవైపు ఆనాల్సిన రబ్బర్లకీ ఇదే పరీక్ష. కొత్త రిమ్ముల ఆఫ్‌సెట్ (రిమ్ము లోపలికో బయటకో జరిగి ఉండే కొలత) మారేసరికి టైరు వాటికి ఆనకుండా గాలిలో వేలాడుతూ ఉంటుంది. చాలా బళ్లలో టకటక ఇక్కడిదే. మందం రబ్బరు వేయించి, వీల్ నట్లు సరిగ్గా బిగిస్తే పోతుంది. డోరు పడటం లేదని లాకు కొక్కేన్ని పైకో కిందికో జరిపిస్తారు కొందరు. అది ముందు చేసే పని కాదు. హింజ్‌లు సరిచేశాకే దాని జోలికి వెళ్లాలి.

పరీక్షలో హింజ్, రేకు బాగానే ఉంటే డోరు లోపలివైపు మందపాటి ప్లేటు వేయించి, బోల్టుల పట్టు ఎక్కువ వైశాల్యానికి పంచితే కొంతకాలం నడుస్తుంది. ప్లేటుని బోల్టులతోనే బిగించాలి, రేకుకి వెల్డింగు వద్దు. తెలిసినవాళ్ల బండికి ఒకచోట అలా వెల్డింగు చేసిచ్చారు. వానాకాలం అయ్యేసరికి అతుకు చుట్టూ రేకు చిరిగింది. పల్చటి రేకుని అంతలా కాలిస్తే దాని మీది తుప్పు రక్షణ పూతే పోతుంది మరి.

ఇంత పెద్ద టైరుతో అడవి దారులు, రాళ్ల గట్లు ఎక్కే ఉద్దేశం ఉంటే మాత్రం బరువుని డోరు మీంచి తీసేసి ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) మీదికి మార్చడమే నా సలహా. అంటే ఛాసిస్‌కి బిగించిన వెనక బంపర్, దాని మీద పక్కకు తిరిగే స్టాండు. నా పని చేసిన పెద్ద మేస్త్రి మొదటిరోజే ఒక మాటన్నారు: "ఛాసిస్ ఒక పక్క ఊగుద్ది, బాడీ ఇంకో పక్క ఊగుద్ది, రెంటినీ కలిపి కట్టమాక." స్టాండు కింద బంపర్‌కి, పైన బాడీకి రెండుచోట్లా బిగిస్తే గుంతలో దిగిన ప్రతిసారీ ఏదో ఒకటి విరగడానికి చూస్తుంది. మొత్తం బరువు బంపరే మోయాలి. బాడీకి ఏ లింకూ ఉండకూడదు.

తిరిగే ఇరుసు దగ్గరే డబ్బు పెట్టండి. పైన ఒకటి కింద ఒకటి టేపర్ రోలర్ బేరింగులు, ఆయిల్ సీలు, గ్రీజు నిపిల్ ఉండాలి. ఉత్త పైపులో పైపు దూర్చి ఇచ్చేవి నెలల్లోనే ఆడటం మొదలుపెడతాయి. ఇరుసుని బంపర్ పై ప్లేటుకి మాత్రమే అతికిస్తే చాలదు, కింది ప్లేటు దాకా దింపి రెండుచోట్లా వెల్డింగు చేయించాలి. లాకు వైపు చిన్న వాలు ప్లేటు ఉండాలి. స్టాండు మూసినప్పుడు దాని మీదికి ఎక్కి కూర్చుంటే బరువు ఇరుసు మీద ఒక్కదాని మీదే పడదు. లాకు క్లాంపుతో పాటు విడిగా ఒక సేఫ్టీ పిన్ను పెట్టించండి. తెరిచినప్పుడు ఆగేలా ఇంకో పిన్ను తప్పనిసరి. వాలులో ఆపి సామాను తీస్తుంటే 40 కేజీల టైరు తిరిగొచ్చి నడుముకి తగిలిందంటే చిన్న దెబ్బ కాదు.

ఒక ఇబ్బంది ముందే తెలుసుకోండి. ప్రతిసారీ ముందు స్టాండు, తర్వాత డోరు తెరవాలి. బీసెంట్ రోడ్డు దగ్గర ఇరుకు పార్కింగులో ఇంట్లోవాళ్లకి ఇది విసుగే.

చట్టం సంగతి కూడా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. కాబట్టి పని మొదలుపెట్టే ముందే ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర అడగండి. నంబరు ప్లేటు, దాని లైటు, బ్రేకు లైట్లు, రివర్స్ కెమెరా ఏవీ టైరు చాటుకి పోకూడదు.

పని అయ్యాక ఓ వంద కిలోమీటర్లు తిప్పి బోల్టులన్నీ మళ్లీ బిగించండి. నీళ్లలో దిగినా, సూర్యలంక ఇసుకలో తిప్పినా ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, పాత గ్రీజు బయటకు వచ్చేదాకా కొత్తది ఎక్కించండి. స్టాండు పైపు అడుగున నీళ్లు కారిపోయే చిన్న రంధ్రం ఉండాలి. లేకపోతే పైకి పెయింటు నిగనిగలాడుతూనే లోపలినుంచి తుప్పు తినేస్తుంది. మన ఎండలకి స్టెప్నీ గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడండి. టైరు పక్కభాగం మీద ఉండే నాలుగంకెల తయారీ తేదీ కూడా చూడండి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైనదని. వేలాడుతున్న టైరుకీ వయసు వస్తుంది, అందుకని ఐదు టైర్లనీ వంతులవారీగా మార్చుకుంటూ ఉండండి.

పై హింజ్ దగ్గర ఫోటో, డోరు తెరిచినప్పుడు ఒకటి, మూసినప్పుడు ఒకటి తీసి ఇక్కడ పెట్టండి. స్పేసర్ ఎంత మందం వేశారో కూడా రాయండి. ప్లేటుతో సరిపోతుందో, ఛాసిస్ స్టాండుకే వెళ్లాలో అప్పుడు చెప్పగలను.