ఆ క్లారినెట్ దగ్గర ఆగాల్సింది, తమ్ముడూ

తమ్ముడూ,

పోలండ్ వయొలిన్ విద్వాంసుడు హెన్రిక్ వ్యెన్యాఫ్‌స్కీ రాసిన కాన్సెర్టోల (ఆర్కెస్ట్రా తోడుగా ఒక్కరు ముందుండి వాయించే రచనల) రికార్డింగు మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి బస్సులో ఫోన్‌లో, రెండోసారి ఇంటికొచ్చి ఆ రికార్డింగు పెట్టుకుని. రెండోసారి కాస్త కోపం వచ్చిన మాట నిజం. ఎందుకంటే నీకు చెవి ఉంది, బాగా వింటావు, తీరా రాయడానికి కూర్చునేసరికి విన్నదంతా పక్కన పెట్టేస్తావు. "వేళ్ళు నాట్యమాడాయి", "తీగలు కన్నీరు కార్చాయి", ఇక మొదటి పేజీలోనే మూడు స్వరజలపాతాలు, లెక్కపెట్టాను. ఆ మాటలు పెళ్ళి రిసెప్షన్‌లో కీబోర్డు పక్కన నిలబడి వాయించే అబ్బాయికి కూడా అతుకుతాయి కదా.

పేరు సంగతి ముందు తేల్చేద్దాం. మూడు చోట్ల మూడు రకాలుగా రాశావు. హెన్రిక్ వ్యెన్యాఫ్‌స్కీ. పోలండ్ వాళ్ళు పలికేదానికి ఇది దగ్గర, చివరిదాకా ఇదే ఉంచు.

నువ్వు చావుతో మొదలుపెట్టావు: 1880, మాస్కో, గుండెజబ్బు, 44 ఏళ్ళు. దాని వెంటనే 1878 బెర్లిన్ కచేరీ. తన రెండో కాన్సెర్టో వాయిస్తూ ఆయన మధ్యలో ఇక వల్లకాక ఆగిపోవడం, శ్రోతల్లో కూర్చున్న ఆ కాలపు మరో పెద్ద వయొలినిస్టు యోఆకిమ్ లేచి వచ్చి, బాఖ్ ఒంటి వయొలిన్‌కి రాసిన శకోన్ వాయించడం. మంచి కథే, నేనూ ఒకప్పుడు దొరికిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. కానీ నువ్వు విన్న డిస్కులో ఆ జబ్బుమనిషి ఎక్కడున్నాడు? గిల్ షాహామ్ అనే వయొలినిస్టు ఇరవై ఏళ్ళ ప్రాంతంలో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో, లారెన్స్ ఫాస్టర్ కండక్టరుగా చేసిన రికార్డింగు అది. అందులో రెండు కాన్సెర్టోలూ ఉన్నాయి. మొదటిది 1853లో లైప్‌జిగ్‌లో తొలిసారి వినిపించేనాటికి వ్యెన్యాఫ్‌స్కీకి పద్దెనిమిదేళ్ళు. రెండోది 1862లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, ఇరవై ఏడేళ్ళకి. తొమ్మిదేళ్ళలో ఆ కుర్రాడికి ఏం జరిగిందో ఒకే సీడీలో వినబడుతుంటే, నువ్వెళ్ళి ఆసుపత్రి గుమ్మం దగ్గర నిలబడ్డావు!

మొదటిదాంట్లో వయొలిన్ ఎలా ప్రవేశిస్తుందో మళ్ళీ విను. ఆర్కెస్ట్రా చాలాసేపు రంగం సిద్ధం చేస్తుంది, ఈయన వస్తూనే కష్టమైన పనులన్నీ బల్లమీద పరిచేస్తాడు. పదో స్వరం దూరంలో ఉన్న రెండు స్వరాలని రెండు తీగల మీద కలిపి మోగించాలంటే చూపుడువేలికీ చిటికెనవేలికీ మధ్య చెయ్యి చీలిపోయేంత సాగాలి, అదీ వరసగా, పరుగులో. లూబ్లిన్‌లో పుట్టి, ఎనిమిదేళ్ళకే పారిస్ కన్సర్వేటరీలో చేరి, పదకొండేళ్ళకే మొదటి బహుమతి కొట్టిన పిల్లాడు ఆ వయసులో ఇలా కాక ఇంకెలా రాస్తాడు? నాకదంటే ఇష్టమే. కాకపోతే అలిసిపోతాను.

రెండోదాంట్లోనూ ఆర్కెస్ట్రా అంతసేపూ వాయిస్తుంది, అప్పుడు వయొలిన్ ఒక మామూలు వరసని, గొంతు తగ్గించి, పక్కనున్నవాడికి చెప్పినట్టు చెబుతుంది. అంతే. కష్టమైనవి తర్వాత వస్తాయి, బోలెడు వస్తాయి: ఒక్క కమాను లాగుడులో, తీగ మీంచి లేపకుండా, ముక్కలు ముక్కలుగా తెగిపడే స్వరాలు డజన్ల కొద్దీ. దానికాయన పెట్టింది పేరు. కానీ మొదటి భాగం చివర చూడు. వయొలిన్ పరుగంతా అయ్యాక ఎవరైనా ఏం చేస్తారు, ధన్‌మని ముగించి చప్పట్లకి నిలబడతారు. ఇక్కడ ఆర్కెస్ట్రా నెమ్మదిగా సద్దుమణుగుతుంది, ఒక క్లారినెట్ మిగులుతుంది, అది ఒంటరిగా నడిచి నిన్ను రొమాన్స్ అనే రెండో భాగంలో దింపేస్తుంది. జనం చప్పట్లకి అలవాటుపడ్డ ఆటగాడు, వాళ్ళు చప్పట్లు కొట్టే చోటునే మూసేశాడు. నీ వ్యాసంలో ఆ క్లారినెట్ ఊసే లేదు.

ఇంకోటి. రొమాన్స్ గురించి "అచ్చం మన శంకరాభరణమే" అన్నావు. పాశ్చాత్యుల మేజర్ స్కేలు అనే స్వరవరస కాబట్టి స్వరస్థానాలు కలుస్తాయి, ఒప్పుకుంటాను. అంతమాత్రాన రాగం అయిపోదు. మన గమకం ఒక స్వరం నుంచి పక్క స్వరానికి ఊగుతుంది. అక్కడ స్వరం కదలకుండా ఉంటే కింద ఆర్కెస్ట్రా తన స్వరాలు మార్చి నేల మారుస్తుంది, స్వరం అదే, దాని మనసు మారిపోతుంది. నేనూ ఇలాగే చేతులు కాల్చుకున్నా. కొత్తలో ఒక కచేరీ సమీక్షలో శంకరాభరణాన్ని కల్యాణి అని రాసి పంపాను, అచ్చయింది కూడా. ఆ రెండు రాగాలకీ తేడా మధ్యమంలోనే. మర్నాడు ఒక పెద్దాయన ఫోన్ చేసి, తిట్టకుండా, శంకరాభరణంలోని శుద్ధ మధ్యమం, కల్యాణిలోని ప్రతి మధ్యమం రెండూ ఫోన్లోనే పాడి వినిపించి పెట్టేశారు. తిడితే బాగుండేది.

డిస్కు చివర స్పెయిన్ వయొలినిస్టు సరసాతే రాసిన జిప్సీ పాటలు అంతకుముందున్నవాటితో సంబంధం లేకుండా వచ్చాయన్నావు. వ్యెన్యాఫ్‌స్కీ తన రెండో కాన్సెర్టో అంకితమిచ్చింది ఆ సరసాతేకే. పైగా దాని మూడో భాగం పేరే జిప్సీల తీరులో అని. ఇలాంటివి చూసుకుని రాయి, టెన్షన్ అక్కర్లేదు, పది నిమిషాల పని.

మొత్తం మళ్ళీ రాయొద్దు. క్లారినెట్ మొదలయ్యే దగ్గర్నుంచి వయొలిన్ మళ్ళీ వచ్చేదాకా నాలుగైదుసార్లు విని, ఒక్క పేరా పంపు. ఆదివారం లోపయితే చూస్తాను, సోమవారం ఊరెళ్తున్నా, అక్కడ సిగ్నల్ ఉండదు.

ఉంటాను,
అన్న