నేపాల్ పట్టికలో 142కు 124 జత కుదరదు

నేపాల్‌లో ఒక్కో జాతికి ఒక్కో భాష జత చేస్తూ పట్టిక వేస్తే 142కు 124 సరిపోలేదని, లెక్క ఎక్కడ తప్పిందని అడిగారు. మీ లెక్క తప్పలేదు, జత కట్టడమే తప్పు. 2021 జనగణనలో 142 కులాలు-జాతులు, 124 మాతృభాషలు. అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

1. జాతికి, భాషకు రెండు పట్టికలు చేయండి.

2. తూర్పు నేపాల్ కొండల్లోని రాయ్‌లు ఒకే జాతి అనుకుని ఒకే భాష రాయకండి. బంతావా, చామ్లింగ్, కులుంగ్, థులుంగ్ ఇలా వారి భాషలు చాలా ఉన్నాయి. నేపాల్ దక్షిణ మైదానమైన తరాయిలో ఇది తిరగబడుతుంది: యాదవులు, బ్రాహ్మణులు, ముసహర్లు, అందరిదీ ఒకే భాష మైథిలి కావచ్చు.

3. దాదాపు అందరూ జారేది ఇక్కడే. 'నేపాల్ భాష' అంటే నేపాలీ కాదు! అది కాఠ్మాండూ లోయలోని నేవార్లది, టిబెటో-బర్మన్ భాషా కుటుంబం. నేపాలీ ఇండో-ఆర్యన్. మీ పట్టికలో ఈ రెండూ కలిసిపోయాయి, నేవార్ల భాషే కనబడకుండా పోయింది. ముందు వాటిని విడదీయండి.