నాణేల పిచ్చి, కంప్యూటర్ చదువు

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. చిన్నప్పటి నుంచి పాత నాణేలంటే పిచ్చి. ఇప్పుడేమో ప్లేస్‌మెంట్లు వద్దు, నాణేల డేటాబేస్‌ల మీద పనిచేస్తానంటున్నాడు. ఈ పని కూడు పెడుతుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ముందు చేదు మాట చెప్పేస్తానండి. నాణేల నిపుణుడి పోస్టు మన మ్యూజియాల్లో చాలా అరుదు. దాన్నే నమ్ముకుని ప్లేస్‌మెంట్ వదులుకోమని నేను చెప్పను. అలాగని మీవాడిది గాలి మాటా కాదు.

రోమన్ చక్రవర్తుల నాణేలనే చూడండి. ఒక నాణెం ఎవరిదో తేల్చాలంటే 1923 నుంచి 1994 దాకా పది సంపుటాలుగా వెలువడిన కేటలాగు తిరగేయాల్సి వచ్చేది. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ, న్యూయార్క్ యూనివర్సిటీ కలిసి దాన్ని ‘ఓక్రే’ అనే ఉచిత డేటాబేస్‌గా మార్చాయి. 2012లో మొదలుపెట్టి 2017లో ముగించారు. 40 వేలకు పైగా రకాలున్నాయి. ఒక రకం మీద నొక్కితే లండన్‌లో, బెర్లిన్‌లో ఉన్న నాణేలు ఒకే పేజీలోకి వస్తాయి. వాటిని కలిపేది ‘నొమిస్మా’ అనే ఉమ్మడి ఐడీల వ్యవస్థ. రాజుకు, టంకశాలకు, లోహానికి తలా ఒక శాశ్వత ఐడీ ఇస్తుంది.

ఐడీ ఎందుకంటారా? శాతవాహన నాణెం మీద పాతకాలపు బ్రాహ్మీ లిపిలో ‘సాతకణిస’, అంటే ‘సాతకణిది’ అని ఉంటుంది. ఒకరు సాతకణి అని, మరొకరు శాతకర్ణి అని, ఇంకొకరు ఇంగ్లిషులో తోచిన స్పెల్లింగుతో ఎక్కిస్తారు. వెతికితే సగం దొరకవు. పైగా ఆ పేరున్న రాజు ఒక్కడు కాదు. రోమన్ నాణేలకు జరిగినంత పని వీటికింకా జరగలేదు. ఫొటో చూసి గుర్తుపట్టే ఏఐ వచ్చిందిగా అంటారేమో. దానికి నేర్పాలన్నా సరైన వివరాలున్న ఫొటోలు వేలల్లో కావాలి.

ఒక మ్యూజియం రిజిస్టర్‌లో ఓసారి చూశాను: ‘సీసపు నాణెం, ఏనుగు బొమ్మ, 1’. అంతే. బరువు లేదు, దొరికిన ఊరు లేదు. ఊరు పోతే నాణెం సగం మూగబోయినట్టే. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు ఒకేచోట బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం, క్షత్రప రాజు నహపాణుడి నాణేల మీద శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర కొట్టించినవి. అవే విడివిడిగా అంగళ్లకు చేరి ఉంటే, ఎవరు ఎవర్ని ఓడించారో ఇంత తేటగా తెలిసేదా?

అందుకే డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగంలో చేరనివ్వండి. ఈలోగా బ్రాహ్మీ అక్షరాలు, ఇలాంటి డేటాను ఒకదానితో ఒకటి ముడిపెట్టి రాసే ఆర్‌డీఎఫ్, అందులో వెతికే స్పార్కిల్ నేర్చుకోమనండి. నొమిస్మా డేటా ఉచితమే. మన కేంద్ర మ్యూజియాలు తమ వస్తువుల వివరాలు ఎక్కించడానికి వాడే ‘జతన్’ సాఫ్ట్‌వేర్ కేంద్ర ప్రభుత్వ కంప్యూటింగ్ సంస్థ, పుణె సీ-డాక్ వాళ్లది, అదీ చూడాలి. ఇలాంటి డిజిటైజేషన్ పనుల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీ జీతం ఆశించొద్దు. రెండేళ్లకీ పిచ్చి తగ్గకపోతే ఆర్కియాలజీలో ఎంఏ చేయొచ్చు. ఆ అమెరికా సొసైటీ 1952 నుంచి నడుపుతున్న వేసవి సెమినార్ అప్పుడు పనికొస్తుంది.

ఈ సెలవుల్లో మాత్రం ఒక పరీక్ష పెట్టండి. వాడి దగ్గరున్న నిజాం కాలపు చార్మినార్ నాణేలు యాభై తీయమనండి. ఒక్కోదాని బరువు గ్రాముల్లో రెండు దశాంశాల దాకా, వ్యాసం, హిజ్రీ సంవత్సరం, ఎవరి దగ్గర ఎక్కడ కొన్నాడో రాయాలి. బొమ్మ నిలువుగా పట్టుకుని పక్కకు తిప్పితే, బొరుసు నిలువుగా వచ్చిందా, తలకిందులైందా అన్నదీ రాయాలి. ఇరవయ్యో నాణేనికే విసుక్కుంటే మీ టెన్షన్ అక్కడితో తీరిపోతుంది. యాభై పూర్తిచేసి ఇంకో వంద అడిగితే నాకు మళ్లీ రాయండి.