మిర్చి యార్డు బిల్లింగ్ 15 మందికి నడిచి 80 మందికి ఎందుకు బిగుసుకుంటుంది

మీ ప్రశ్న సారాంశం: గుంటూరు యార్డు కమీషన్ కొట్లకు రాసిన విండోస్ ప్రోగ్రామ్, వెనక ఒకే పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్) సర్వర్, నాలుగు కోర్లు, 16 జీబీ ర్యామ్. సీజన్లో 80 మంది కూర్చునేసరికి పట్టీ (రైతుకిచ్చే లెక్క బిల్లు) సేవ్ నొక్కితే స్క్రీన్ ఆగిపోతోంది, మధ్యమధ్య "టూ మెనీ క్లయింట్స్" అంటోంది. సర్వర్ మార్చాలా?

ఇప్పుడే వద్దండి. ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ముందు ఆగిపోవడం సంగతి చూడండి.

స్క్రీన్లు ఆగి ఉన్న సమయంలోనే పీజీ_స్టాట్_యాక్టివిటీ (డేటాబేస్‌లో ఎవరు ఏం చేస్తున్నారో చూపే పట్టిక) తెరవండి. స్టేట్ దగ్గర "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" (ట్రాన్సాక్షన్, అంటే కలిపి ఒకేసారి ఖాయమయ్యే మార్పుల గుంపు, తెరిచి ఊరికే ఉండటం) అని నిమిషాల తరబడి ఉన్న వరుస కనిపిస్తే దొంగ దొరికినట్టే. పీజీ_బ్లాకింగ్_పిడ్స్ ఫంక్షన్ ఎవరు ఎవరిని ఆపుతున్నారో చెబుతుంది. అప్పుడు సీపీయూ చూస్తే ఖాళీగా ఉంటుంది. అంటే కొత్త సర్వర్ కొన్నా అదీ ఖాళీగానే కూర్చుంటుంది.

ఇలాంటి ప్రోగ్రాముల్లో మామూలుగా జరిగేది ఇదీ: ఫారం తెరవగానే ట్రాన్సాక్షన్ మొదలవుతుంది, బిల్లు నంబర్ వరుసకు తాళం పడుతుంది. తర్వాత గుమాస్తా ఒక్కో టిక్కీ (మిర్చి బస్తా) తూకం కొడతాడు. ఈలోగా రైతు తరుగు మీద పేచీ పెడతాడు, టీ వస్తుంది. కమిట్ (మార్పులు ఖాయం) అయ్యేదాకా మిగతా 79 మందీ ఆ ఒక్క వరుస కోసం ఎదురుచూపులే.

తూకాలన్నీ ఫారంలోనే ఉంచుకోండి. సేవ్ నొక్కాకే బిగిన్ (ట్రాన్సాక్షన్ మొదలు). పట్టీ, లాట్ వివరాలు సీక్వెన్స్ (డేటాబేస్ తానే నంబర్లు పుట్టించే ఏర్పాటు) ఇచ్చే లోపలి ఐడీతో రాసేయండి. కాగితం మీద వేసే నంబర్‌ను మాత్రం కౌంటర్ టేబుల్ నుంచి అప్‌డేట్ రిటర్నింగ్ (నంబర్ పెంచి, పెరిగిన నంబర్‌ను తిరిగిచ్చే ఆదేశం)తో చివర్లో తీసి పట్టీలో రాసి, వెంటనే కమిట్ చేయండి. తాళం కొన్ని మిల్లీసెకన్లే ఉంటుంది. ఆ నంబర్‌కీ సీక్వెన్సే వాడితే రోల్‌బ్యాక్ (మార్పులు రద్దు) అయినప్పుడల్లా నంబర్లలో ఖాళీలొస్తాయి, ఆడిటర్ ఊరుకోడు. మ్యాక్స్‌కి (ఇప్పటిదాకా ఉన్న పెద్ద నంబర్‌కి) ఒకటి కలిపే పద్ధతి ఇంకా ప్రమాదం, ఇద్దరికి ఒకే నంబర్ రావచ్చు. కౌంటర్లో ఒక్కో కొట్టుకి, ఒక్కో సంవత్సరానికి ఒక్కో వరుస పెట్టండి. ప్రింట్ కమిట్ తర్వాతే. లేకపోతే ఒక కొట్లో ప్రింటర్ కాగితం ఇరుక్కుంటే ఆ నంబర్ వరుస మీదున్న వాళ్లంతా ఆగిపోతారు.

స్టాక్ వరుసల్ని ఎప్పుడూ లాట్ నంబర్ క్రమంలోనే అప్‌డేట్ చేయండి, డెడ్‌లాక్‌లు (ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగిపోవడం) తగ్గుతాయి. ఫారిన్ కీ కాలమ్స్‌కి (వేరే టేబుల్ వరుసను సూచించేవాటికి) ఇండెక్స్ పోస్ట్‌గ్రెస్ తనంతట తాను వేయదు, మీరే వేసుకోవాలి.

ఇక కనెక్షన్లు. మెయిన్ ఫారంకి ఒకటి, రిపోర్టుకి ఒకటి అనుకుంటే 160. మ్యాక్స్_కనెక్షన్స్ డిఫాల్ట్ 100, అందులో 3 సూపర్‌యూజర్‌కి (డేటాబేస్ అడ్మిన్‌కి). దాన్ని 500 చేస్తే సరిపోతుందనిపిస్తుంది గానీ, ఒక్కో కనెక్షన్ ఒక్కో ప్రాసెస్. వర్క్_మెమ్ (ఒక్కో సార్టింగ్ వాడుకోగల మెమరీ) 64 ఎంబీ పెట్టి ఉంటే 160 మంది ఒకేసారి ఒక్కో సార్టింగ్ చేసినా 10 జీబీ.

దాని బదులు మధ్యలో పీజీబౌన్సర్ (కొద్ది డేటాబేస్ కనెక్షన్లను అందరికీ పంచే ప్రోగ్రామ్) పెట్టండి: పోర్ట్ 6432, పూల్ మోడ్ ట్రాన్సాక్షన్ (ట్రాన్సాక్షన్ అయ్యేదాకే ఒకరికి కనెక్షన్), పూల్ సైజ్ 12 నుంచి మొదలు. మ్యాక్స్_క్లయింట్_కాన్ (దానికి ఒకేసారి ఎంతమంది కలవొచ్చో) డిఫాల్ట్ 100 మాత్రమే, మర్చిపోకుండా 300 చేయండి. ఈ మోడ్‌లో సెషన్ మీద ఆధారపడే సెట్, లిజన్, ట్రాన్సాక్షన్ దాటి బతకాల్సిన టెంపరరీ టేబుల్స్ పనిచేయవు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (ముందే సిద్ధం చేసిన క్వెరీలు) వాడుతుంటే పీజీబౌన్సర్ 1.21 లేదా తర్వాతి వెర్షన్ వేసి, మ్యాక్స్_ప్రిపేర్డ్_స్టేట్‌మెంట్స్ సున్నా కాకుండా చూడండి.

కానీ మొదటి జబ్బు వదలకుండా దీన్ని పెట్టొద్దు. 12 మంది గుమాస్తాలు ట్రాన్సాక్షన్ తెరిచి టీకి వెళ్తే పూల్ మొత్తం అయిపోతుంది, పాత పద్ధతి కన్నా ఘోరం. కోడ్ సరిచేశాక ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమౌట్ (ట్రాన్సాక్షన్ తెరిచి ఊరికే ఉన్న కనెక్షన్‌ను తెంపే గడువు) 60 సెకన్లు పెట్టుకోండి. ముందే పెడితే సగం కొట్టిన పట్టీలు పోతాయి.

యార్డు సెలవు రోజున పీజీబెంచ్‌కి (పోస్ట్‌గ్రెస్ మీద లోడ్ పెట్టి చూసే సాధనానికి) మీ సేవ్ స్క్రిప్టే ఇచ్చి, 80 క్లయింట్లతో 300 సెకన్లు 6432 మీద నడపండి. ఒక కొట్టు నుంచి కూడా సేవ్ చేసి చూడండి. ఒక స్క్రీన్ 40 క్వెరీలు పంపుతూ, ఒక్కోటి వెళ్లి రావడానికి 30 మిల్లీసెకన్లు పడితే, 1.2 సెకన్లు లైన్లోనే పోతాయి. అక్కడ తగ్గించాల్సింది క్వెరీల సంఖ్య.