కంప్యూటర్ విప్పే ముందు చదువుకో పాపా

పాపా,

స్టూడియో కంప్యూటర్ నువ్వే విప్పి కొత్త ప్రాసెసర్ వేస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మా ఇంటి ఆడపిల్ల స్క్రూడ్రైవర్ పట్టుకుంటోందని మీ అత్తతో గొప్పగా చెప్పుకున్నా. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్ చేస్తే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావని రాస్తున్నా.

ముందు నువ్వడిగింది, ఏ ప్రాసెసర్ వెయ్యాలన్నది. ఇప్పుడున్నది రైజెన్ 3 2200జి, దాంట్లో కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు, నాలుగే. పెళ్లి వీడియోలకు అది చాలదు, ఒప్పుకుంటా. మదర్‌బోర్డు బి450 కాబట్టి ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఏఎం4 రకం, ఆ బోర్డును మార్చొద్దు. దాని తర్వాతి రకం ఏఎం5కి వెళ్తే బోర్డుతో పాటు డీడీఆర్5 ర్యామ్ కూడా కొనాలి, ర్యామ్ ధరలు ఎలా ఉన్నాయో నీకే తెలుసు. నీ లిస్టులో రైజెన్ 5 5600 అని రాశావు. దాంట్లో మానిటర్‌కి బొమ్మ పంపే గ్రాఫిక్స్ ఉండదు తల్లీ. మీకు విడిగా గ్రాఫిక్స్ కార్డూ లేదు. అంతా బిగించాక మానిటర్ నల్లగా ఉంటే బోర్డు కాలిపోయిందనుకుని ఏడుస్తూ కూర్చుంటావు. 5600జి తీసుకో. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్లు, కూలర్ డబ్బాలోనే వస్తుంది. ర్యామ్ 8 జీబీవి రెండు వెయ్యి, 16 జీబీది ఒక్కటి వద్దు. లోపలి గ్రాఫిక్స్ ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి రెండుంటే వేగం తెలుస్తుంది.

పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్, అంటే బోర్డును మేల్కొలిపే సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ చెయ్యి. పాత బయోస్ కొత్తదాన్ని గుర్తుపట్టదు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు. యూపీఎస్ లేకుండా ఆ పని ముట్టుకోకు.

ఇంకొకటి. కూలర్‌ను చల్లగా ఉన్నప్పుడు పట్టి లాగొద్దు. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసిన ఏళ్ల నాటి పేస్టు ఎండి బంకలా పట్టుకుని ఉంటుంది, లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, దాని కింది పిన్నులు వంగుతాయి. పావుగంట ఏదైనా వీడియో ఆడించి, కంప్యూటర్ ఆపేసి, వేడి తగ్గకముందే కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పు. కదిలాక పైకి తియ్యి. తాడిపత్రిలో మీ వీధి రాతి దుమ్ము ఫ్యాన్‌లో ఎంత చేరిందో చూసి భయపడకు, బ్రష్ చాలు.

ఇవన్నీ యూట్యూబ్‌లో కూడా చెప్తారు. నాకు నిద్ర పట్టనిది వేరే దానికి. లిస్టులో అన్నీ రాసి చివర "ఎస్‌ఎంపీఎస్ పాతదే" అన్నావు చూడు, లోపలి భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే ఆ డబ్బా, అదీ.

ఆ పాతది ఎక్కడిదో నీకు తెలుసా? క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చింది. ఊరికే వచ్చిందాని కథ ఒకటి మీ ఇంట్లోనే ఉంది, మీ నాన్న నీకు చెప్పి ఉండడు.

2006లో మీ నాన్న రీలు కెమెరా మానేసి డిజిటల్‌కి వచ్చాడు. అనంతపురంలో నాకు డీటీపీ సెంటర్ ఉండేది, నాలుగు సిస్టమ్‌లు బిగించిన పొగరూ ఉండేది. బావ లెక్కపెట్టి డబ్బు నా చేతిలో పెట్టి, "నీకు తెలిసింది చెయ్యి బామ్మర్దీ" అన్నాడు. పెంటియం 4, 80 జీబీ హార్డ్ డిస్క్, అన్నీ మంచివే వేశా. మంచి ఎస్‌ఎంపీఎస్ విడిగా 900 రూపాయలు ఎక్కువ అన్నారు. క్యాబినెట్‌లో ఉన్నదాని మీద 450 వాట్లని స్టిక్కర్ ఉంది కదా, చాల్లే అనుకున్నా. చేత్తో పట్టుకుంటే ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంది. అప్పుడే అర్థం కావాల్సింది. మిగిలిన డబ్బుతో నల్ల స్పీకర్లు కొని తెచ్చా. పాట పెట్టగానే మీ అమ్మ మొహం వెలిగిపోయింది, నేను పెద్ద ఇంజనీరునైపోయా.

మే నెలలో ఒక పెళ్లి ఫోటోలు కెమెరా మెమరీ కార్డులోంచి కంప్యూటర్‌లోకి ఎక్కించి, మర్నాటి పెళ్లి కోసం కార్డు ఖాళీ చేశాడు బావ. సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. టప్‌మని శబ్దం, కాలిన వాసన. ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే పోయి ఉంటే సరిపోయేది. బోర్డునీ హార్డ్ డిస్క్‌నీ తీసుకునే పోయింది. నేను వెళ్లి ప్లగ్గు చూస్తే గోడ సాకెట్‌లో మూడో రంధ్రానికి, అంటే ఎర్త్‌కి, వైరే లేదు. అంతకుముందు రెండుసార్లు మీ అమ్మ "డబ్బా ముట్టుకుంటే జిల్లుమంటోందిరా" అంటే నేను నవ్వి, చెప్పులేసుకోమన్నా.

బావ ఆ పెళ్లివాళ్లింటికి ఒక్కడే వెళ్లాడు. నేనూ వస్తానంటే వద్దన్నాడు. డబ్బు తిరిగిచ్చాడు, తలంబ్రాల ఫోటో ఒక్కటీ ఇవ్వలేకపోయాడు. వచ్చి భోజనం చేశాడు, నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి.

కాబట్టి కొత్త ఎస్‌ఎంపీఎస్ కొను. పేరున్న కంపెనీది, 550 వాట్లది, రేపు గ్రాఫిక్స్ కార్డు వేసినా సరిపోతుంది. బ్రాంజ్ గుర్తు చూసి మురిసిపోకు, అది కరెంటు ఎంత వృథా కాదో చెప్తుంది గానీ వోల్టేజీ ఎగిసినప్పుడు కాపాడుతుందని కాదు. ప్రాసెసర్ ఒక మెట్టు తగ్గించుకున్నా పర్వాలేదు, దీన్ని తగ్గించొద్దు. తర్వాత ఎర్తింగ్. మన నేల ఎండాకాలం రాయిలా ఎండిపోతుంది, ఎర్త్ గుంత కూడా అంతే. బొగ్గు, ఉప్పు ఎప్పుడో వేసి ఉంటారు, నీళ్లు పోసేవాళ్లే ఉండరు. వేసవిలో వారానికి రెండు బిందెలు పొయ్యి. పెళ్లి ఫోటోలు రెండు డిస్కుల్లోకి చేరేదాకా కెమెరా కార్డు ఖాళీ చెయ్యకు. తొందరగా ఉంటే ఇంకో కార్డు కొను, నేనిస్తా డబ్బు.

ఆదివారం మొదటి బస్సుకి వస్తా, వోల్టేజీ చూసే మీటర్ తెస్తా. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 230 దగ్గర చూపించాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. అది చూశాకే నువ్వు స్క్రూ విప్పు. బిగించేది నువ్వే, నేను కుర్చీలో కూర్చుంటా. చెయ్యి పెట్టనని మాటిస్తున్నా, మీ అత్త నమ్మలేదనుకో.

అటక మీది నల్ల స్పీకర్లు దించి కొత్తదానికి తగిలిస్తావట కదా, మీ అమ్మ చెప్పింది. ఆ 2006 నాటివే అవి. వద్దు పాపా, కొత్తవి నేను తెస్తా.

మీ మామ