అణ్వాయుధ రహస్యం పోతే జవాబు చెప్పవలసింది ఎవరు?

అణ్వాయుధాలకు సంబంధించిన రహస్య పత్రం పోయినప్పుడు దాన్ని పోగొట్టిన ఉద్యోగిని శిక్షిస్తే సరిపోతుందా, ప్రభుత్వం కూడా ప్రజలకు జవాబు చెప్పాలా అని అడిగారు. చెబితే అసలు రహస్యమే బయటపడదా అన్న సందేహం కూడా మీ ప్రశ్నలోనే ఉంది. ఉద్యోగి తప్పు చేస్తే శిక్ష పడవలసిందే. కానీ ఆ పత్రం పోవడానికి వీలిచ్చిన ఏర్పాటును నడిపిన పై అధికారులు, వారి మీద ఉన్న ప్రభుత్వం జవాబు చెప్పనంతవరకు ఆ శిక్షతో రహస్యానికి కొత్తగా వచ్చే రక్షణ ఏమీ లేదని నా నమ్మకం. నేను బెంగళూరులో రక్షణ రంగానికి చెందిన ఒక కార్యాలయంలో 26 ఏళ్లు రికార్డు సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. మా దగ్గర అణ్వాయుధాల సమాచారం ఉండేది కాదు. అయినా రహస్య పత్రాన్ని దాచే పద్ధతి, అది దారి తప్పే పద్ధతి ఎలా ఉంటాయో దగ్గరగా చూశాను.

ఒక సీక్రెట్ పత్రాన్ని బయటికి పంపాలంటే రెండు కవర్లలో పెట్టేవాళ్లం. లోపలి కవరు మీద దాని రహస్య శ్రేణి రాసి, అతుకుల మీద లక్క కరిగించి ముద్ర వేయాలి. పై కవరు మీద చిరునామా తప్ప మరేమీ ఉండకూడదు. చూసినవారికి అది మామూలు ఉత్తరంలాగే కనిపించాలి. లోపల పెట్టిన రసీదు చీటీ అవతలివారి సంతకంతో తిరిగి వచ్చేదాకా ఆ పత్రం మా లెక్కలోనే ఉన్నట్టు. ఆఫీసులోనే ఒక గది నుంచి మరో గదికి వెళ్లినా మూవ్‌మెంట్ రిజిస్టరులో తేదీ, వేళ, తీసుకున్నవారి సంతకం ఉండి తీరాలి. ఇంత పకడ్బందీగా ఉన్న పద్ధతికి గండి పడేది ఒక్కచోటే: పెద్ద హోదాలో ఉన్నవారు వచ్చి, సంతకం రేపు పెడతానని చెప్పినప్పుడు.

1998లో లెక్క చూసినప్పుడు మా దగ్గర ఉండవలసిన ఒక నివేదిక ప్రతి కనిపించలేదు. బీరువా తాళం ఆ వారం నా జూనియర్ దగ్గర ఉంది. మదనపల్లె కుర్రవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. అతన్ని సస్పెండ్ చేశారు. విచారణాధికారి నన్ను పిలిచి తాళం ఎవరి దగ్గర ఉందని అడిగారే తప్ప, సంతకం లేకుండా పత్రాలు పట్టుకెళ్లే అలవాటు ఎవరికి ఉందని అడగలేదు. నేనూ అడగని ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఆ బాధ ఇప్పటికీ నాకు ఉంది. పదకొండు నెలల తరువాత ఒక సీనియర్ అధికారి బదిలీ మీద వెళుతూ టేబులు ఖాళీ చేస్తున్నప్పుడు, సొరుగులో వేరే ఫైలు కింద ఆ ప్రతి దొరికింది. పత్రం లభ్యమైనందున విచారణ ముగించడమైనదని ఒక వాక్యపు ఉత్తర్వు వచ్చింది. కుర్రవాడిని ఉద్యోగంలోకి తీసుకున్నారు. అధికారిని ఎవరూ ఏమీ అడగలేదు. రిజిస్టరులో తిరిగి వచ్చిన తేదీ నా చేతితోనే రాశాను. దాని పక్కన తీసుకున్నవారి సంతకం ఉండవలసిన గడి ఖాళీగానే ఉండిపోయింది.

అందుకే అమెరికాలోని లాస్ అలమోస్ అణ్వాయుధ ప్రయోగశాలలో 2006లో జరిగిన సంఘటన గురించి చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. పాత రహస్య పత్రాలను స్కాన్ చేయడానికి కాంట్రాక్టు మీద చేరిన ఒక యువతి, వాటిలో కొన్నింటిని పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకెళ్లింది. మాదకద్రవ్యాల విషయమై ఆ ఇంటికి వెళ్లిన పోలీసులకు అవి దొరికాయి. ఆమె చేసింది నేరమే. అయితే అక్కడ ప్రశ్న ఆమె దగ్గర ఆగలేదు, దాన్ని నేను ముఖ్యమైన విషయంగా భావిస్తాను. రహస్య పత్రాలున్న కంప్యూటర్లకు పెన్‌డ్రైవ్ పెట్టుకునే వీలు ఎందుకు ఉందని అడిగారు. అణ్వాయుధ భద్రతా సంస్థ అధిపతి లింటన్ బ్రూక్స్ చేత 2007 జనవరిలో ఇంధన శాఖ మంత్రి రాజీనామా చేయించారు. తరువాత, ప్రయోగశాలను అంతకుముందు నిర్వహించిన విశ్వవిద్యాలయానికి కూడా ఆ శాఖ 30 లక్షల డాలర్ల జరిమానా ప్రతిపాదించింది.

అదే ప్రయోగశాలలో దీనికి పూర్తిగా విరుద్ధమైనదీ జరిగింది. వెన్ హో లీ అనే శాస్త్రవేత్తను 1999 డిసెంబరులో 59 అభియోగాలతో అరెస్టు చేసి దాదాపు తొమ్మిది నెలలు ఒంటరి ఖైదులో ఉంచారు. చివరికి నిలిచింది ఒకే అభియోగం. విడుదల చేస్తూ న్యాయమూర్తి జేమ్స్ పార్కర్ ఆయనకు నిండు కోర్టులో క్షమాపణ చెప్పి, ఈ కేసును నడిపించిన పై స్థాయివారే దేశాన్ని తలదించుకునేలా చేశారన్నారు. మన దగ్గర నౌకాదళ కెప్టెన్ బుద్ధికోట సుబ్బారావు గారి కథ ఇంతకంటే బాధాకరం. 1988లో ఆయన అమెరికా వెళుతుండగా బొంబాయి విమానాశ్రయంలో పట్టుకుని, అధికార రహస్యాల చట్టం, అణుశక్తి చట్టం కింద కేసు పెట్టారు. స్వాధీనం చేసుకున్న కాగితాల్లో ఐఐటీ బొంబాయికి ఆయన సమర్పించిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం కూడా ఉంది. 20 నెలలు జైలులో ఉన్నారు. 1991లో హైకోర్టు ఆయనకు విముక్తి కలిగించింది, సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. రహస్యాన్ని కాపాడే అధికారం చేతిలో ఉన్నవారు, ఏది రహస్యమో తేల్చడంలో ఇంత పొరబడితే దానికి కూడా ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా.

మన చట్టాల విషయానికి వస్తే, 1962 అణుశక్తి చట్టం 18వ సెక్షను సమాచార వెల్లడిని నియంత్రించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం, రహస్య పత్రాన్ని అజాగ్రత్తగా ఉంచినా నేరమే అంటుంది. రెండింటిలోనూ బరువంతా ప్రధానంగా పత్రం చేతిలో ఉన్న వ్యక్తి మీదే పడుతుంది. కొందరు చట్టాన్ని ఇంకా కఠినం చేయాలంటారు. శిక్ష పెంచితే మా కుర్రవాడు ఇంకొంచెం భయపడి ఉండేవాడు; సొరుగులో పత్రం మాత్రం అక్కడే ఉండేది.

పరీక్షించేవారు, పరీక్షకు నిలబడేవారు ఒకరే కావడం మరో చిక్కు. 2000లో భాభా అణు పరిశోధన కేంద్రాన్ని అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షణ నుంచి తప్పించి, భద్రత చూసుకునే పనిని ఆ కేంద్రానికే అప్పగించారు. అది ప్రమాదాల నివారణకు సంబంధించిన విషయమే, పత్రాల గురించి కాదు. కానీ తన ఇంటి లెక్క తానే సరిచూసుకునే అలవాటు ఒకసారి మొదలైతే దస్త్రాల గది దాకా వస్తుంది. బయటివారు చూస్తే రహస్యాలు పోతాయన్న వాదన నిలవదు. 2012లో ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ అదే నియంత్రణ మండలి పనితీరును తనిఖీ చేసి, లోపాలను పార్లమెంటు ముందు పెట్టింది. దానివల్ల ఏ ఆయుధ రహస్యమూ బయటపడలేదు.

కూడంకుళం మనకు దగ్గరి ఉదాహరణ. అది తమిళనాడులోని అణు విద్యుత్ కేంద్రమే, ఆయుధాలతో సంబంధం లేదు. 2019 అక్టోబరు 29న అక్కడ సైబర్ దాడి జరిగిందన్న వార్తలు అబద్ధమని ఆ విద్యుత్ కేంద్రం తరఫున ప్రకటించారు. మరునాడే దాన్ని నడిపే మాతృసంస్థ, పాలనా వ్యవహారాల నెట్‌వర్క్‌లోని ఒక కంప్యూటరులో మాల్‌వేర్ దొరికిన మాట నిజమేనని, సెప్టెంబరు 4నే తమకు సమాచారం అందిందని ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలుతో రియాక్టరు గుట్టు ఏదీ పోలేదు. మొదటిరోజు మాట వల్ల మాత్రం తరువాతి మాటను కూడా జనం అనుమానంగా చూశారు.

ఇక మీ సందేహం. ఎన్ని పత్రాలు లెక్కకు రాలేదు, చివరిసారి పూర్తి లెక్క ఎప్పుడు చూశారు, ఎంతమంది మీద చర్య తీసుకున్నారు, వారిలో అధికారులు ఎందరు, గుమాస్తాలు ఎందరు అన్నవి చెబితే పత్రంలోని ఒక్క అక్షరం కూడా బయటపడదు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టదలిస్తే పత్రాల పేర్లు అడగకండి, సంఖ్యలు, తేదీలు, హోదాలు మాత్రమే అడగండి. భద్రత పేరుతో 8(1)(ఎ) చూపి తిరస్కరిస్తే, ప్రజాప్రయోజనం ఎక్కువైనప్పుడు సమాచారం ఇవ్వవచ్చని చెప్పే 8(2) సెక్షనును అప్పీలులో ప్రస్తావించండి. రక్షణ పరిశోధనలు చేసే డీఆర్‌డీఓ వంటి సంస్థలను ఆ చట్టం రెండవ షెడ్యూలులో పెట్టారు కాబట్టి, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన తప్ప మిగతా విషయాల్లో వారి నుంచి జవాబు రాదు. అక్కడ మీ ఎంపీ చేత పార్లమెంటులో ఇవే ప్రశ్నలు వేయించడం మేలు. ప్రశ్న రాసేటప్పుడు అధికారులు, గుమాస్తాల సంఖ్యలను విడివిడిగా అడగడం మరవకండి.