అమ్మగారికి ఆ నిద్రమాత్ర ఎవరు రాశారు?

ప్రశ్న: మాది ఇచ్ఛాపురం. అమ్మకు 68 ఏళ్లు. నాన్న పోయి ఎనిమిది నెలలైంది. అప్పట్నుంచి సరిగా తినదు, మాట్లాడదు, మూడింటికే లేచి కూర్చుంటుంది. ‘నన్నూ తీసుకుపోతే బాగుణ్ను’ అంటుంది. నాలుగు నెలలుగా మెడికల్ షాపులో ఇచ్చిన ఆల్‌ప్రజోలామ్ రాత్రిళ్లు వేస్తున్నాం. కౌన్సెలింగ్‌తో ఈ వయసులో నయమవుతుందా?

జవాబు: ముందు ఆ మాత్ర సంగతి. డాక్టరు చీటీ లేకుండా నాలుగు నెలలు వేయడం తప్పండీ. అది డిప్రెషన్‌కు మందు కాదు. పెద్దవాళ్లకు దాని మత్తు పగలంతా ఉంటుంది, మతిమరుపు పెరుగుతుంది, రాత్రి బాత్రూమ్‌కు లేచి పడితే తుంటి విరుగుతుంది. అలాగని ఈ రాత్రే ఆపేయకండి. ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి.

‘తీసుకుపోతే’ అన్న మాటను పెద్దవాళ్ల చాదస్తం అనుకోకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఔనంటే ఒంటరిగా వదలొద్దు, పురుగుమందు, మాత్రలు తాళంలో పెట్టి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయం టెలీ మానస్ 14416 ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం.

థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12, షుగర్, సోడియం చేయించండి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లు కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష) తప్పనిసరి. కిడ్నీ దెబ్బతిన్నా నీరసం, తిండి సహించకపోవడం ఇలాగే ఉంటాయి.

ఇక మీరడిగింది. కౌన్సెలింగ్, అంటే మాటలతో చేసే థెరపీ, పనిచేస్తుంది, వయసు అడ్డు కాదు. ‘ధైర్యంగా ఉండమ్మా’ అని చెప్పి పంపడం మాత్రం థెరపీ కాదు. సాధారణంగా వారానికోసారి, ముప్పావుగంట, ఎనిమిది నుంచి పన్నెండు సార్లు ఉంటుంది. ఏ పని చేసినప్పుడు మనసు ఎలా ఉందో రాయిస్తారు (చదువు రాకపోతే ఇంట్లోవాళ్లు రాయొచ్చు). మానేసిన పనుల్లో తేలికైనది ఒకటి, పూలమొక్కలకు నీళ్లు పోయడం లాంటిది, మళ్లీ మొదలుపెట్టిస్తారు. రెండుసార్లు వెళ్లి ‘ఏం లాభం లేదు’ అని మానేసేవాళ్లే ఎక్కువ. ఆరు వారాలకూ మార్పు లేకపోతే అప్పుడు పద్ధతి మార్చమని అడగాలి.

ఒడిశాలోని బరంపురం ఎంకేసీజీ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్తే తెలుగు వచ్చినవాళ్లు ఉన్నారేమో ముందే కనుక్కోండి. లేకపోతే శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రి మేలు. ఒడియా అర్థమైనంత మాత్రాన అందులో ఏడవలేరు. మీరు పక్కన కూర్చుని మాటలు మార్చి చెబుతుంటే కోడలి సంగతి, డబ్బు సంగతి అమ్మగారు నోరు విప్పరు. చెవుడుంటే అది ముందు చూపించండి.

తిండి తగ్గి, చావు మాట వస్తోందంటే థెరపీ ఒక్కటే చాలకపోవచ్చు, మందులు కూడా కావాల్సి రావచ్చు. వాటిని తక్కువ డోసుతో మొదలుపెడతారు, కొన్నిటితో సోడియం పడిపోవచ్చు కనుక మళ్లీ పరీక్ష అడుగుతారు. చూడకుండా ఇంతకుమించి నేను చెప్పకూడదు. ఈ వారమే సైకియాట్రిస్టును కలవండి. వెళ్లేటప్పుడు బీపీ మాత్రలతో సహా ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్లండి.